చలికాలమునకు ముందు బాల్కనీ తోట

శీతకాలము సమీపించునప్పుడు కుండీలలోని మొక్కలకు ఏమి చేయవలయునను ప్రశ్న చూపునకు మిక్కిలి చిన్నది. కాని దానికి దొరకు సమాధానములను ఒకచోట కూర్చి చూచినచో, అవి ఒకదానితో నొకటి పొసగకుండుటయే గాక, కొన్నియెడల పరస్పరము ఖండించుకొనుచుండుటయు గానవచ్చును. ఒక పుస్తకము కుండీకి గోనెపట్ట చుట్టుమనును. మరియొకటి ఫాల్గుణము దాక ఎరువు పూర్తిగా మానుమనును. మన జిల్లాలలోని ఉద్యానాధికారి నడిగినచో, నాటుటకు ఇదియే అదను, ఎరువు దండిగా వేయుడనును. ఇంటిలోని పెద్దలు మల్లెకు నీళ్లు కట్టిపెట్టుమందురు, పొరుగింటివారు గులాబీకి నీళ్లు తప్పనీయవద్దందురు. వీరందరును తమ తమ పట్టున సత్యమే పలుకుచున్నారు. తాము ఏ దేశపు చలిని, ఏ జాతి మొక్కను, ఎట్టి చోటును మనసునం దుంచుకొని పలుకుచున్నారో చెప్పకపోవుటయే చిక్కునకు మూలము. ఈ మూటిని విడదీసి, హైదరాబాదు వంటి దక్కను నగరములోని అపార్టుమెంటు బాల్కనీని ప్రధానోదాహరణముగా గైకొని, ఆయా మతముల బలాబలములను తూచి చూచుటకు ఈ వ్యాసమునందు ప్రయత్నించెదను. నా అభిప్రాయమును ముందే చెప్పివేయుట మేలు: మన బాల్కనీలలో శీతకాల సన్నాహమనగా ప్రధానముగా చలినుండి రక్షణ కాదు, మేలుకొనవలసిన మొక్కను మేలుకొలుపుట, నిద్రింపవలసిన మొక్కను నిద్రింపనిచ్చుట. ఆ పనికి మొదటి సాధనము వెలుతురు, రెండవది నీరు, చలి అటుపిమ్మటిది.

ఈ విషయమున నేడు మనకు లభించు రచనలలో అధికభాగము శీతల దేశములలో పుట్టినది. అచటి సంప్రదాయము ప్రాచీనమైనది, గౌరవింపదగినది. ఫ్రాన్సు దేశమున వర్సాయి రాజప్రాసాదమునకు జూల్ ఆర్దువాఁ-మాన్సార్ అను వాస్తుశిల్పి 1684 మొదలు 1686 వరకు కట్టించిన ఆరంజెరీ అను శాల, కొయ్యపెట్టెలలో పెంచిన నారింజచెట్లను చలికాలము గడచువరకు దాచుట కొరకే నిర్మితమైనది. వేసవి రాగానే ఆ పెట్టెలను బయటకు ఈడ్చుటయు, చలి ముదురకమునుపే లోనికి చేర్చుటయు నేటికిని సాగుచున్న ఆచారము. దక్షిణాభిముఖమైన గాజు కిటికీలు, ఉత్తరపు గాలి చొరనీయని మందపు గోడ — ఈ రెండింటి మీదనే ఆ శాల యొక్క సామర్థ్యము ఆధారపడియున్నది. కుండీలోని మొక్కకు శీతకాలమున కావలసినది అగ్నిహోత్రము కాదనియు, సూర్యుని వైపు ముఖము, గాలికి వెన్ను అనియు ఆ శిల్పి గ్రహించినట్లు తోచును. ఈ ఒక్క సూత్రము మాత్రము మన బాల్కనీకిని అక్షరాల వర్తించును. తక్కినవి వర్తింపవు.

ఎందుచేతననగా, ఆ దేశములలోని భయమంతయు వేరును గూర్చినది. నేలలో నున్న వేరునకు భూమియే కంబళి. పైని మంచు పేరుకొన్నను లోతున మట్టి గడ్డకట్టక నిలుచును. కుండీలోని వేరునకు ఆ భాగ్యము లేదు. చలిగాలి దానిని నలువైపుల నుండియు, బాల్కనీయైనచో అడుగువైపు నుండియు తాకును. కొమ్మ ఓర్చుకొను చలిని వేరు ఓర్వజాలదు. కావుననే అమెరికా వ్యవసాయశాఖవారు 1960లో తొలిసారి ప్రకటించి, 2023లో మరల సవరించిన శీతమండల పటమును చూచి మొక్కను కొనువారికి, కుండీలో పెంచునెడల తమ మండలము కంటె రెండు మండలముల అధికశీతమును తాళగల జాతినే ఎంచుకొనుడని అచటి తోటమాలులు బోధింతురు. మట్టికుండీలు పగులుటకును కారణము కలదు: నీరు గడ్డకట్టునప్పుడు దాని ఘనపరిమాణము ఇంచుమించు నూటికి తొమ్మిది పాళ్లు పెరుగును, కుండీ గోడలోని సూక్ష్మరంధ్రములయందు చేరిన తేమ ఆ విధముగా ఉబ్బి మట్టిని చీల్చును. గోనెపట్టలు చుట్టుట, కుండీలను గోడవద్ద గుమికూర్చుట, అడుగున చెక్కపలకలు పరచుట — ఇవియన్నియు ఈ వేరురక్షణ కొరకే.

హైదరాబాదు నగరమున ఇట్టి దుర్దశ ఎన్నడును సంభవింపలేదు. సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైనున్న ఈ పీఠభూమిపై డిసెంబరు, జనవరి మాసములలో రాత్రి ఉష్ణోగ్రత సాధారణముగా 14, 15 డిగ్రీల ప్రాంతమున నుండును. ఇచట నమోదైన అత్యల్పము 1946 జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీలు. నీరు గడ్డకట్టుట మాట అటుండనిండు, దాని చేరువకైనను పోలేదు. ఆదిలాబాదు ప్రాంతమున చలి ఇంతకంటె తీవ్రము. మన్యమునందలి లంబసింగి వంటి ఎత్తైన గ్రామములలో సున్న డిగ్రీల సమీపమునకు దిగివచ్చి, గడ్డిపై తెల్లని పొర కట్టిన ఉదయములు కలవు. అచటివారు పై పుస్తకములను కొంత చదువుకొనవచ్చును. విజయవాడ, రాజమహేంద్రవరములలోని వారికి ఆ పుటలు విప్పవలసిన పనియే లేదు.

ఇక మన ప్రాచీనులేమనిరో చూతము. ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున, కొమ్మలు వేయని మొక్కలను శిశిరమునందును, కొమ్మలు వేసినవానిని హేమంతమునందును, బోదె బలిసినవానిని వర్షారంభమునందును మార్చి నాటవలయుననెను; గ్రీష్మమున రెండుపూటల, శీతకాలమున దినము విడిచి దినము, వర్షర్తువున నేల ఎండినప్పుడు మాత్రము నీరు పోయవలయుననెను. చలి, గాలి, ఎండ ఈ మూటివలన ఆకులు పాలిపోవుట, చిగుళ్లు ఎదుగకుండుట, కొమ్మలు ఎండుట, రసము కారుట అను రోగలక్షణములు పుట్టుననియు చెప్పెను. ఇందు నన్ను మిక్కిలి ఆకర్షించునది, హేమంతశిశిరములను ఆయన విశ్రాంతికాలములుగా గాక నాటుటకు తగిన ఋతువులుగా పరిగణించుట. శీతలదేశ గ్రంథమునకును మనదానికిని మౌలికమైన భేదమిదియే. సురపాలుని వృక్షాయుర్వేదము ఆక్స్‌ఫర్డునందలి వ్రాతప్రతి ఆధారముగా ఆంగ్లానువాదముతో 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ వారిచే వెలువడిన పిదప, అందలి కుణపజలము మిద్దెతోటల వారి నోట మరల వినవచ్చుచున్నది. ఆ ద్రవమునందలి సారమును గూర్చి నాకు వివాదము లేదు. కాని మాంసాదులు కుళ్లించి చేయు ఆ ఎరువును మూడవ అంతస్తు బాల్కనీలో నిలువయుంచువారు, పోషణ కంటె ముందు పొరుగువారి సహనమును లెక్కింపవలసియుండును.

మూడవ ఆధారము మన ఉద్యాన విశ్వవిద్యాలయముల సలహాలు. వెంకటరామన్నగూడెము నుండియు, ములుగు నుండియు వెలువడు సూచనలు మన నేలకు, మన గాలికి తగినవగుటచే వానియం దుంచదగిన విశ్వాసము మిక్కుటము. అయినను అవి ఎకరముల లెక్కన పలుకును. ఎకరమునకు ఇన్ని బండ్ల పశువుల ఎరువు అను వాక్యమును పన్నెండంగుళముల కుండీకి కుదించుకొనుట గృహిణికి సులభసాధ్యము కాదు. కథకుడుగా ప్రసిద్ధుడైన తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారివంటివారు మిద్దెతోటను గూర్చి వ్రాసియు, చేసి చూపియు ఈ లోటును చాలవరకు తీర్చిరి. కాని మిద్దె వేరు, బాల్కనీ వేరు. ఈ భేదమును మన రచనలు తగినంతగా గుర్తింపలేదని నా ఆక్షేపణ.

మిద్దెపైని మొక్క ఆకాశమును చూచుచుండును. మబ్బులేని హేమంత రాత్రులయందు నేలయు, ఆకులును తమలోని వేడిమిని నిరాటంకముగా ఆకాశమునకు విడుచుటచే, మిద్దెమీది ఆకు చుట్టునున్న గాలికంటెను చల్లబడి, తెల్లవారునప్పటికి మంచుబిందువులతో తడిసియుండును. బాల్కనీలోని మొక్కకు నెత్తిమీద పై అంతస్తు స్లాబు అడ్డము. వెనుక పగలెల్ల ఎండకు కాగి రాత్రి మెల్లమెల్లగా వేడిని విడుచు గోడ. కావున ఒకే భవనమున, ఒకే రాత్రియందు, మిద్దెమీది టమాటా మొక్కకంటె బాల్కనీలోని టమాటా మొక్క వెచ్చగా నుండును. దీనివలన రెండు ఫలితములు కలుగును. మిద్దెతోటలవారు పరచు వలలు, కప్పు పాలిథీను తెరలు బాల్కనీకి అనావశ్యకములు. పైపెచ్చు గాలి ఆడక బూజు పట్టుటకు కారణములు. రెండవది, బాల్కనీ మొక్కకు మంచు స్నానము లేదు, వాన స్నానమును లేదు. కార్తికము మొదలు ఫాల్గుణము వరకు వీధిలోని దుమ్మంతయు ఆకులపై పేరుకొనును. వారమున కొకసారి ఆకులను నీటితో కడుగుట చలికాల సేవలలో ఉత్తమమైనదిగా నేనెంచుదును. వెలుతురు తక్కువైన ఋతువున ఆకుపై దుమ్ము తెర యుండుట రెండింతల నష్టము.

వెలుతురు మాట వచ్చినది గనుక దానిని కొంత విపులముగా విచారింతము. బాల్కనీ తోటకు ఋతుమార్పు అనగా మొట్టమొదట సూర్యుని మార్గము మారుటయే. పదునేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్న హైదరాబాదున, మే రెండవ వారము మొదలు జులై ముగియువరకు మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి కొంత ఉత్తరముగా పోవును. డిసెంబరు 21 ప్రాంతమున దక్షిణపు వైపు దిగివచ్చి, మధ్యాహ్నమునందు సైతము క్షితిజమునకు 49 డిగ్రీల ఎత్తున మాత్రమే నిలుచును. దీని పర్యవసానము దిక్కును బట్టి యుండును. సెప్టెంబరు చివరి వారము మొదలు మార్చి మూడవ వారము వరకు ఉత్తరపు బాల్కనీలో నేరుగా ఒక్క కిరణమైనను పడదు. వాస్తువును నమ్మి ఉత్తరపు ముఖమును ఏరికోరి కొనుక్కున్నవారు ఆరు నెలల పాటు టమాటాను గూర్చిన ఆశ విడిచి, మనీప్లాంటుతోను, ఫెర్నులతోను, పుదీనతోను తృప్తిపడవలెను. తూర్పు బాల్కనీకి ఉదయపుటెండ కొంత ఏటవాలుగా వచ్చును. ఆకుకూరలకు అది చాలును. దక్షిణపు బాల్కనీయో, వేసవి నడుమ చీకటిగా నుండి, హేమంతమున వెలుగుతో నిండిపోవును. చలికాలపు కూరగాయల తోటకు ఇంతకంటె మంచి స్థలము ఇంటిలో మరియొకటి లేదు.

అయినను ఈ దక్షిణపు బాల్కనీలోనే అత్యధికులు చేయు పొరపాటొకటి గలదు. కుండీలను పిట్టగోడకు ఆనించి వరుసగా పేర్చుట అందరికిని అలవాటు. చూపునకు అది ముచ్చటగనే యుండును. కాని లెక్కవేసి చూడుడు: మూడున్నర అడుగుల ఎత్తుగల పిట్టగోడ, 49 డిగ్రీల ఎండలో, మధ్యాహ్నమునందు సుమారు 3 అడుగుల నీడను లోపలి వైపు పరచును. అనగా గోడనానుకొని నేలపై నున్న కుండీలన్నియు శీతకాలమంతయు నీడలోనే మగ్గును. అదే సమయమున 9 అడుగుల ఎత్తున నున్న స్లాబు అంచు క్రిందుగా చొచ్చిన ఎండ ఏడెనిమిది అడుగుల లోతునకు పోగలదు; మన బాల్కనీల లోతు నాలుగైదు అడుగులు మించదు గనుక, లోపలి గోడ క్రింది భాగము ఎండలో నుండును. కావున దసరా వెళ్లిన పిదప చేయవలసిన మొదటి పని కుండీలను లోపలి గోడ వైపునకు మార్చుట, లేదా పిట్టగోడ ఎత్తు వచ్చునట్లు ఇనుపబల్లపై నెక్కించుట. ఇనుపకమ్ముల చట్రమే తప్ప గోడలేని బాల్కనీలకు ఈ చిక్కు లేదు.

ఈ మార్పు వలన ఇంకొక లాభమును గలదు. తడిసిన మట్టి లీటరు ఒకటిన్నర కిలోకు మించి తూగును. 20 లీటర్ల కుండీ ముప్పది కిలోలను దాటును. భారతీయ ప్రమాణముల ప్రకారము నివాసగృహముల బాల్కనీని చదరపు మీటరునకు సుమారు 300 కిలోల భారమును మోయునట్లు రూపొందింపవలెను. పాత కట్టడములలో ఆ ప్రమాణము పాటింపబడినదో లేదో ఎవరు చెప్పగలరు? బయటకు పొడుచుకొని వచ్చిన స్లాబునకు అంచున నుంచిన బరువుకంటె గోడవద్ద నుంచిన బరువు సురక్షితము. వెలుతురు, వెచ్చదనము, భారము — మూడును ఒకేచోటును చూపుచున్నవి. అడ్డుగా నిలుచునది ఒక్క బట్టల తీగ మాత్రమే. ఆ వివాదమును గృహస్థులు తమలో తాము పరిష్కరించుకొనవలసినదే గాని ఉద్యానశాస్త్రము తీర్పు చెప్పజాలదు.

వెలుతురు అధికమైనను కీడు కలుగు ఒక సందర్భమును ఇచట చెప్పవలసియున్నది. చామంతి శీతకాలమున పూయుట చలివలన కాదు, రాత్రి దీర్ఘమగుట వలన. పగటి నిడివిని బట్టి మొక్కలు పూచుటను 1920లో గార్నర్, అల్లార్డ్ అను అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులిరువురు నిరూపించిరి. వేసవిలో పొలమున ఎంత ఎత్తెదిగినను పూయని ఒక పొగాకు రకమును కుండీలలో పెంచి, దినదినము పొద్దు క్రుంకకముందే చీకటి కొట్టులోనికి చేర్చి, వారు దానిచేత పూయించిరి. మన నాటు చిక్కుడులో పలు రకములును ఈ తెగకు చెందినవే. ఆషాఢమున విత్తినను పందిరి నల్లుకొని, పొద్దు తగ్గినగాని పూతకు రావు. మరి బాల్కనీలో రాత్రి పదునొకండు గంటల వరకు ట్యూబులైటు వెలుగుచుండగా, దాని క్రింద నున్న చామంతికి దీర్ఘరాత్రి ఎక్కడిది? మొగ్గ వేయని చామంతికి ఎరువుపై ఎరువు వేసి విసిగినవారు ఒక్కసారి ఆ దీపమును ఆర్పి చూతురుగాక.

నీటి విషయమున వరాహమిహిరుని దినము విడిచి దినమను నియమము నేలనాటిన చెట్లకు చెప్పినదైనను, నడుమ అంతస్తులలోని పది, పన్నెండు అంగుళముల కుండీలకు ఇంచుమించుగా సరిపోవుచున్నది. పై అంతస్తుల మాట వేరు. హేమంతమున దక్కనుపై వీచు ఈశాన్యపు గాలి పొడిది. ఎనిమిదవ అంతస్తులో ఆరంగుళముల ప్లాస్టిక్ కుండీ ఒక్క పగటికే ఎండిపోవచ్చును, క్రిందనున్న పెద్ద మట్టికుండీ మూడునాళ్లకును తడిగనే యుండవచ్చును. కావున పంచాంగమును గాక మట్టిని చూడవలెను: వ్రేలు రెండు కణుపులు దిగునంతవరకు పొడిగా నున్నప్పుడే పోయుట సరి. పోయు వేళ మాత్రము మార్చుకొనవలెను. వేసవిలో సాయంకాలము నీరు పోయుట ఉపకారము. చలికాలమున అదే అలవాటు రాత్రియంతయు మట్టిని, ఆకును తడిగా నుంచి తెగుళ్లను ఆహ్వానించును. సూర్యుడు బాల్కనీలోనికి వచ్చిన పిదప, తొమ్మిది గంటల ప్రాంతమున పోయుట యుక్తము. కుండీల క్రింది పళ్లెములలో నీరు నిలువనీయరాదు. వేరు కుళ్లుట అటుంచి, వానలు వెనుకబట్టిన ఆ మాసములలోనే డెంగీ దోమకు ఆ పళ్లెములు చాలును.

మట్టిని గూర్చి రెండు మాటలు. నాలుగు మాసముల వానకు కుండీలోని సారము చాలవరకు కొట్టుకొనిపోయి, మట్టి గట్టిపడి, పోసిన నీరు అంచుల వెంట జారిపోవుచుండును. హస్త, చిత్త కార్తెలలో, అనగా అక్టోబరు మూడవ వారము లోపల, ఖాళీ కుండీలను గ్రుమ్మరించి, మట్టిని రెండునాళ్లు ఎండలో నారబెట్టి, బాగుగా మాగిన పశువుల ఎరువును, కొబ్బరిపొట్టును, పిడికెడు వేపపిండిని కలిపి మరల నింపుట మంచిది. కొబ్బరిపొట్టు భారమునుగూడ తగ్గించును. పచ్చి ఎరువును మాత్రము ఈ కాలమున వాడరాదు. చలి పెరిగినకొలది మట్టిలోని సూక్ష్మజీవుల పని మందగించుటచే ఎరువు కరగి వేరునకు అందుట ఆలస్యమగును. ఆకుల అడుగున ఊదారంగు దేరుట అనేకసార్లు మట్టిలో భాస్వరము లేమివలన గాక, చల్లని వేరు దానిని గ్రహింపలేకపోవుటవలన కలుగును. అందుచే జీవామృతము, నానిన వేరుశెనగ చెక్క తేట వంటి ద్రవములను పలుచగా, పదునైదు దినముల కొకసారి పోయుట ఘనపుటెరువు కంటె త్వరగా ఫలించును.

ఇక ఏ మొక్కను మేలుకొలుపవలెను, దేనిని నిద్రపుచ్చవలెను? మేలుకొనునవి ముందుగా ఆకుకూరలు: మెంతి, కొత్తిమీర, పాలకూర. ధనియములను రెండుగా నలిపి, ఒక రాత్రి నానబెట్టి, ఆరంగుళముల లోతుగల తొట్టిలో చల్లినచో చాలును. మెంతి మూడు వారములలో కోతకు వచ్చును. ముల్లంగి, క్యారెట్టులను నారుపోసి మార్చరాదు, ఉన్నచోటనే విత్తవలెను. టమాటా, వంగ నారులను సెప్టెంబరున పోసి, నాలుగు వారములకు పన్నెండంగుళముల కుండీలోనికి మార్చినయెడల సంక్రాంతికి కాయలుండును. టమాటాకు దక్కను హేమంతమువంటి రాత్రి మరియొకటి లేదు, పూత నిలుచుటకు అది కోరు చల్లదనము సరిగా ఇట్టిదే. కాలీఫ్లవరును గూర్చి అందరికిని మోజు మెండు. ఒక కుండీని మూడు మాసములు ఆక్రమించి ఒక్క పువ్వు నిచ్చు ఆ మొక్కను, అంగుళమంగుళము లెక్కింపవలసిన బాల్కనీలో పెంచుట నా దృష్టిలో వట్టి ఆడంబరము; అదే కుండీలో మెంతి నాలుగు పర్యాయములు కోయవచ్చును. బెండ, దోస, బీర వంటివి చలిలో ముడుచుకొని కూర్చుండును. వానిని మాఘము వరకు తలపెట్టకుండుటయే లెస్స.

గులాబీని దసరా పిమ్మట, అక్టోబరు రెండు మూడు వారములలో, ఎండుకొమ్మలను, బలహీనపు రెమ్మలను తీసి, బలమైన కొమ్మలను సగమునకు కత్తిరించినచో, ఆరేడు వారములకు, ధనుర్మాస ప్రారంభమునకు పూలతో నిండును. మల్లె సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకము. మల్లెతోటల రైతులు కార్తికము ముగిసినది మొదలు నీరు కట్టుట మాని, ఆకు రాలనిచ్చి, కొన్నిచోట్ల గొర్రెలను తోలి మేపించి, జనవరి చివర కత్తిరించి, అటుపిమ్మటనే ఎరువును, నీటిని ఇత్తురు. ఈ ఉపవాసము పూర్తియైన మొక్కయే మార్చి మొదలు విరగబూయును. బాల్కనీలో దయగల గృహిణి చేతిలో మల్లెకు ఈ ఉపవాసము దొరకుట లేదు. పక్కనున్న గులాబీకి పోయుచు, పాపము దీనికి మాత్రమేలయని రెండు చెంబులు పోయుటచే అది చలికాలమంతయు ఆకు పెంచి వేసవిలో పూయక నిలుచును. ఎడారి గులాబీయు ఇట్టిదే. ఆకు రాల్చిన వేళ దానికి పోసిన నీరు దుంపను కుళ్లించును. కావున నిద్రించు కుండీలనన్నిటిని ఒక మూలకు చేర్చి, నీటిచెంబునకు దూరముగా నుంచుట సామాన్యోపాయమైనను మిక్కిలి పనికివచ్చును.

తులసి ఈ రెండు పక్షముల నడుమ నుండును. క్షీరాబ్ది ద్వాదశి నాడు పూజలందుకొన్న కోటలోని తులసి, పుష్యము వచ్చునప్పటికి వెన్నులు వేసి, ఆకు సన్నగిల్లి, పసుపుబారుట చూచి గృహిణులు ఆందోళనపడుదురు. వెన్నులు ముదురకమునుపే త్రుంచివేయుచు, నీరు తగ్గించి, ఎండలో నుంచినచో అది మాఘమున మరల చిగిర్చును. ముదిరిన వెన్నులనుండి విత్తులు దాచుకొనుటయు మంచిదే. రెండు మూడేండ్లు దాటిన తులసికి వారసురాలు సిద్ధముగా నుండవలెను గదా.

చీడలలో ఈ కాలమున ముఖ్యము పేనుబంక. చిక్కుడు తీగపై నల్లగను, చామంతి మొగ్గలపై గుంపులుగను చేరు ఈ పురుగును వాన కడిగివేయునట్లును, అక్షింతల పురుగులు తినివేయునట్లును నేలతోటలో ఏర్పాటు కలదు. మూడు వైపుల మూసిన బాల్కనీకి ఆ రెండును అరుదు. తొలుత నీటి ధారతో కడిగి, తగ్గకున్నచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెము సబ్బునీటితో కలిపి, ఎండలేని వేళ చల్లవలెను. మందారమున కంటు పిండినల్లిని పాతగుడ్డతో తుడిచివేయుట మందులకంటె నయము.

సముద్రతీరమునందలి తెలుగువారికి ఈ సన్నాహములో వేరొక అధ్యాయము గలదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్, 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటిన మిగ్‌జాం — ఇవి రెండును కుండీలు సర్దుకొను మాసములలోనే వచ్చినవి. తీరపట్టణములలో అక్టోబరు మొదలు డిసెంబరు దాక కమ్ములకు వ్రేలాడదీసిన కుండీ మొక్కకు గాక క్రింద నడచువారికి ప్రమాదము. అచట శీతకాల సన్నాహము వ్రేలాడు కుండీలను దింపుటతో ప్రారంభము కావలెను. నాటుట తుపానుల తరువాతి మాట.

చివరకు, ఈ గడ్డ విడిచి శీతలదేశములలో స్థిరపడిన తెలుగువారి కుండీలను విస్మరింపరాదు. న్యూజెర్సీలోని ఎడిసను వంటి చోట్ల అక్టోబరు ముగియకమునుపే తొలిమంచు పడును. డిసెంబరున పగలు 9 గంటలకు పైచిలుకు మాత్రమే. అచటి తెలుగు ఇంట కరివేపాకు, మల్లె, తులసి కుండీలకు ఆరంజెరీ సంప్రదాయమే శరణ్యము. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగకమునుపే, పురుగును పరీక్షించి, ఆకులను కడిగి, దక్షిణపు కిటికీవద్దకు చేర్చవలెను. లోనికి వచ్చిన మొక్కకు శత్రువు చలి కాదు, వేడిగాలి యంత్రముచే పొడిబారిన గది. ఆ పొడికి ఎర్రనల్లి ప్రబలును. డల్లాసు వంటి వెచ్చని నగరములవారు సగటులను నమ్మి బయటనే యుంచుదురు; 2021 ఫిబ్రవరిలో అచట ఉష్ణోగ్రత సున్నకు దిగువ 19 డిగ్రీల సమీపమునకు పడిపోయినప్పుడు ఆ నమ్మకమునకు తగిన మూల్యము చెల్లింపవలసివచ్చినది. కరివేపాకునకు మరియొక కట్టుబాటును గలదు: నిమ్మజాతి చెట్లను నాశనము చేయు తెగులును మోసుకొనిపోవు ఒక చిన్న పురుగునకు ఇది ప్రియమైన ఆశ్రయమగుటచే, అమెరికాలో నియంత్రిత ప్రాంతములనుండి ఈ మొక్కను ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు తరలించుటపై నిషేధములున్నవి, బంధువులకు కానుకగా కారులో వేసుకొనిపోవువారు ఇది ఎరుగవలెను. ఆ మొక్క శాస్త్రనామములో నిలిచిన కోనిగ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1785లో మన కాకినాడ జగన్నాథపురముననే, సామర్లకోటలో తోట నడపిన రాక్స్‌బర్గు పరిచర్యలో, కన్నుమూసెనను సంగతి ఆ ప్రవాసులకు ఆసక్తి గొల్పవచ్చును. లోపలనున్న కరివేపాకు జనవరికి ఆకులన్నియు రాల్చి మోడగుట సహజము. దానిని పారవేయకమునుపు కాండముపై గోటితో గీచి చూడవలెను. లోన పచ్చగా నున్నచో ప్రాణమున్నట్లే. అప్పుడు పది పదునైదు దినముల కొకసారి కొద్దిగా నీరు, ఎరువు బొత్తిగా లేదు. మే మాసమున బయట పెట్టునప్పుడు మొదటి వారము నీడలోను, తరువాత ఉదయపుటెండలోను, అటుపిమ్మట పూర్తి ఎండలోను నుంచవలెను.

మన బాల్కనీలో ఈ క్రమము ముగియుట అంతకంటె చాల ముందు. రథసప్తమి దాటిన తరువాత ఎండ దినదినము పైకి లేచును. ఫిబ్రవరి చివరకు లోపలి గోడ నీడలోనికి పోవుట ఆరంభించును, పిట్టగోడ అంచు వెలుగులోనికి వచ్చును. ముదిరిన పాలకూరను, గింజకు వచ్చిన కొత్తిమీరను పెరికివేసి, ఆ కుండీలలో బెండ విత్తి, కత్తిరించిన మల్లెకు మొదటి ఎరువు వేసి నీరు పట్టవలసిన దినములవి. కుండీలను మరల బయటి వరుసకు జరుపునప్పుడు అన్నిటిని ఒక్కనాడే జరుపక, గులాబీని మాత్రము మార్చి వరకు ఉన్నచోటనే యుంచుట మంచిది. రెండవ పూత అప్పటికింకను తీరదు.